నదిని పక్కకు జరిపిన ఊరు

స్పెయిన్‌లోని వలెన్సియా నడిబొడ్డున పాతకాలపు రాతి వంతెనలు వరసగా కనిపిస్తాయి. వాటి కింద నీళ్లుండవు. నారింజ చెట్లు, సైకిల్ దారులు, ఫుట్‌బాల్ ఆడే పిల్లలు, దుప్పట్లు పరుచుకుని పుట్టినరోజులు చేసుకునే కుటుంబాలు ఉంటాయి. తూరియా నది ఒకప్పుడు ఇక్కడే పారేది. 1957 అక్టోబరులో వచ్చిన వరద ఊరిని ముంచి ఎనభై మందికి పైగా ప్రాణాలు తీసింది. మనవైపైతే గట్లు ఇంకో నాలుగడుగులు లేపి ఊరుకునేవాళ్లం. వాళ్లు ఊరికి దక్షిణంగా కొత్త కాలువ తవ్వి నదినే అటు మళ్లించేశారు. ఖాళీ అయిన పాత దారిలో పెద్ద రోడ్డు వేద్దామని పైవాళ్లు ఉబలాటపడితే, ఈ జాగా మాది, పచ్చగా ఉండాల్సిందేనని జనం పట్టుబట్టారు. చివరికి జనం మాటే నెగ్గింది. ఇప్పుడది దాదాపు తొమ్మిది కిలోమీటర్ల తోట.

స్పెయిన్ వెళ్లొచ్చామంటే మనవాళ్లు అడిగేది బార్సిలోనా గురించో, మాడ్రిడ్ గురించో. గోదావరి డెల్టాలో పెరిగిన నాకు ఏ దేశం వెళ్లినా కాలువలూ లాకులూ వెతుక్కోవడం అలవాటు. అందుకే ఈసారి సెలవులన్నీ ఈ తూర్పు తీరానికే ఇచ్చేశాను.

తోటకు సముద్రం వైపు కొసన వాస్తుశిల్పి కాలత్రావా గీసిన తెల్లటి కళా విజ్ఞాన నగరం ఉంది. ఫొటోలకు బాగుంటుంది. మధ్యాహ్నం ఎండలో ఆ తెలుపు కళ్లలో గుచ్చుకుంటుంది, కూర్చుందామంటే నీడ దొరకదు. నా ఓటు ఎగువనున్న పాత వంతెనల నీడకే.

వలెన్సియా వెళ్లేవాళ్లు ఒక్క గురువారమైనా చేతిలో ఉండేలా చూసుకోవాలి. ఆరోజు మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే కథీడ్రల్‌లోని అపొస్తలుల ద్వారం ముందు నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. నల్ల అంగీలు తొడుక్కున్న ఎనిమిది మంది రైతులే అక్కడ జడ్జీలు. తూరియా నుంచి పొలాలకు తీసిన ఎనిమిది కాలువలకు ఒక్కొక్కరు. ఆ కాలువ కింద సాగు చేసేవాళ్లే వాళ్లను ఎన్నుకుంటారు. కొనకు ఇత్తడి కొక్కెం ఉన్న కర్ర పట్టుకుని బంట్రోతు ఒక్కో కాలువ పేరూ పిలుస్తాడు, ఫిర్యాదులున్నాయా అని. వంతు తప్పి నీళ్లు పెట్టుకున్నాడనో, పూడిక తీయలేదనో, పక్క చేను మునిగేలా వదిలేశాడనో కేసులు. వాదనంతా నోటిమాట మీదే. తగాదా ఏ కాలువ మీదైతే ఆ కాలువ ప్రతినిధి తీర్పులో వేలు పెట్టకూడదు. తీర్పు వచ్చాక అప్పీలు లేదు. అరబ్బుల ఏలుబడి నాటి నుంచి, అంటే వెయ్యేళ్లకు పైగా ఇది నడుస్తోందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 2009లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

నేను వెళ్లిన రోజు ఒక్క కేసూ లేదు. కెమెరాలు పైకెత్తిన టూరిస్టులు ఇంకా చోటు వెతుక్కుంటూ ఉండగానే రైతులు లేచి లోపలికి వెళ్లిపోయారు. పక్కనున్న ఒకావిడ ఇంతేనా అని పెదవి విరిచింది. నాకు మాత్రం అసూయ కలిగింది. మనకూ 1997 చట్టంతో సాగునీటి సంఘాలు వచ్చాయి, ఎన్నికలూ జరిగాయి. అయినా శివారు చేలకు నీళ్లందకపోతే ఇప్పటికీ లస్కరు చుట్టూ తిరగడమే, అది కుదరకపోతే ఎమ్మెల్యే ఇంటికి. కేసులు లేని గురువారాలు ఊరికే రావు. గుడి వాకిట్లో, పదిమంది ముందు, తోటి రైతు చేత దొంగ అనిపించుకోవాల్సి వస్తుందన్న బెరుకు కూడా అందులో ఉండి ఉంటుంది.

అలాగని అక్కడ నీళ్లు పూర్తిగా మాట వింటున్నాయని కాదు. 2024 అక్టోబరు 29న కురిసిన కుంభవృష్టికి వలెన్సియా రాష్ట్రంలో రెండు వందల ఇరవై మందికి పైగా చనిపోయారు. 1957 తర్వాత తవ్విన కొత్త కాలువ నగరంలో ఎక్కువ భాగాన్ని కాచింది. ఆ కాలువకు దక్షిణాన ఉన్న పైపోర్తా, కతరోజా లాంటి ఊళ్ల మీదికి మాత్రం పోయో వాగు విరుచుకుపడింది. అది మామూలు రోజుల్లో ఎండిపోయి ఉండే వాగు. ఫోన్లకు హెచ్చరిక వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది, అప్పటికే చాలా వీధులు మునిగి ఉన్నాయి. నగరంలో బస్సెక్కితే కాసేపట్లోనే ఆ ఊళ్లలో దిగొచ్చు. తోట చూసి మురిసిపోయినవాళ్లు ఆ బస్సు కూడా ఎక్కితే మంచిది.

అక్కడికి ఇంకాస్త దక్షిణాన అల్బుఫేరా సరస్సు. చుట్టూ వరి. సరస్సుకీ సముద్రానికీ మధ్య తలుపులున్న కాలువలు. అవి మూసి, తెరిచి చేలలో నీటిమట్టం సరిచూస్తారు. ఏడాదికి ఒకటే పంట: మే నెలలో విత్తి సెప్టెంబరులో కోస్తారు, కోత తర్వాత చలికాలమంతా పొలాల్లో నీళ్లు నిలబెడతారు. అప్పుడు దిగే పక్షుల్ని చూడటానికే వచ్చేవాళ్లున్నారు. సరస్సు ఒడ్డునున్న ఎల్ పాల్మార్ అనే పల్లెలో పాయేయా తిన్నాను. అసలైన వలెన్సియా పాయేయాలో రొయ్యలుండవు. కోడి, కుందేలు, రెండు రకాల చిక్కుళ్లు, కుంకుమపువ్వు. వెడల్పాటి లోతులేని మూకుడులో, వీలైతే నారింజ కట్టెల మంట మీద వండుతారు. బియ్యం పోశాక గరిటె పెట్టరు. అడుగున పట్టిన మాడు కోసం బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు వాదులాడుకుంటారు. బిర్యానీకి అలవాటుపడిన నాలుకకు మొదటి నాలుగు చెంచాలూ చప్పగా ఉన్నాయి. ఆ తర్వాత మెతుకు రుచి తెలిసింది. బొంబా అనే ఆ పొట్టి బియ్యం పులుసంతా పీల్చుకుని కూడా పలుకు విరగదు. రాత్రి భోజనానికి పాయేయా అడిగితే మీరు టూరిస్టని వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. అది పగటి వంట.

ఎండకు ఓర్చాత తాగండి. పాలలాగే కనిపిస్తుంది కానీ పాలు కాదు. మన చేలలో తిట్టుకుంటూ పీకేసే తుంగకు దగ్గరి చుట్టమైన చూఫా గడ్డల్ని నానబెట్టి, రుబ్బి, వడగట్టి చక్కెర కలుపుతారు. అల్బొరాయా చుట్టుపక్కల ఆ గడ్డలకు ప్రత్యేకంగా పొలాలే ఉన్నాయి.

పాత ఊళ్లో సముద్రం వీధిలో ఒక ఇంటి ముందు ఆగిపోయాను. 1350లో సెయింట్ విన్సెంట్ ఫెర్రర్ పుట్టిన ఇల్లది. ఆయన్ను వాళ్లు విసెంతే ఫెర్రర్ అంటారు. లోపల గోడలకు బొమ్మల పలకలు, ఒక బావి. దాని నీటికి మహిమ ఉందని నమ్మకం. ఆ పేరు వినగానే అనంతపురం వాళ్లకు ఈ సాధువు గుర్తురాడు. 1969లో అనంతపురం వచ్చి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టి, కరువు సీమలో బావులు తవ్వించిన బార్సిలోనా మనిషి విన్సెంట్ ఫెర్రర్ గుర్తొస్తాడు. 2009లో చనిపోయేదాకా ఆయన అక్కడే ఉన్నారు. ఆ ఇంటి వాచ్‌మన్‌కు ఈ సంగతి చెబితే, మా దేశంలో ఆయన తెలియనివాళ్లెవరని చెయ్యి ఊపాడు.

తీరం వెంట దక్షిణానికి దిగితే బెనిదోర్మ్. చదువుకున్న స్పెయిన్ వాళ్లకు ఈ పేరెత్తితే చిరాకు: ఆకాశహర్మ్యాలు, బీరు, ఎండకు ఎర్రబడిన ఇంగ్లిష్ టూరిస్టులు. చేపలు పట్టుకునే పల్లెకు పేద్రో సరగోసా అనే మేయర్ 1956 ప్రణాళికతో ఈ రూపం తెచ్చాడు. బికినీల మీద చర్చి మండిపడితే ఆయన వెస్పా స్కూటర్ ఎక్కి మాడ్రిడ్ వెళ్లి నియంత ఫ్రాంకోనే ఒప్పించాడని కథ. నాకు ఊరు నచ్చలేదు, లెక్క నచ్చింది. నిలువుగా కట్టడంతో కొండలు మిగిలాయి, ఇసుక మిగిలింది. 1978 కరువులో ఓడల్లో తాగునీళ్లు తెచ్చుకున్న ఊరిది. ఇప్పుడు ఊరి మురుగును శుద్ధిచేసి చుట్టుపక్కల రైతులకు ఇస్తారు, బదులుగా రైతుల వాటా మంచినీళ్లు ఊరికి వస్తాయి. హోటళ్ల వాళ్లూ రైతులూ ఒక బల్ల దగ్గర కూర్చుని కుదుర్చుకున్న మారకం.

బెనిదోర్మ్ నుంచి సముద్రాన్ని ఆనుకుని సాగే ట్రామ్‌లో అలికాంతేకు వెళ్లొచ్చు. దారిలో విల్యహొయోసా రంగురంగుల ఇళ్ల దగ్గర దిగండి. అలికాంతేలో సాయంత్రం పాలరాతి అలల నేల మీద నడక, కోట మీది నుంచి రేవు, బాదం తుర్రోన్ మిఠాయి. ఇవి చాలు.

అక్కడికి దగ్గర్లోనే ఎల్చే. రెండు లక్షలకు పైగా ఖర్జూరపు చెట్లు ఊరి మధ్యలో, రైల్వే స్టేషన్ పక్కన, బడి ప్రహరీ వెనక. మామూలు పైరు తట్టుకోలేని ఉప్పు నీటిని అరబ్బులు కాలువలు చేసి ఈ చెట్లకు పెట్టారు, నీడలో దానిమ్మ వేశారు. 2000లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మట్టల ఆదివారం కోసం కొన్ని మొవ్వుల్ని ఎండ తగలకుండా బిగించి కడతారు. ఆ తెల్లబడిన ఆకుల్ని అల్లి దేశమంతా పంపుతారు.

ఒక తోటలో తల వాలిపోయిన చెట్టు కనిపించింది. మొదలు దగ్గర రంధ్రాలు, ఎర్రటి జిగురు. కోనసీమలో కొబ్బరి తోట ఉన్న ఎవరికైనా చూడగానే తెలిసిపోతుంది: ఎర్రముక్కు పురుగు. మన ఆసియా పురుగే. దిగుమతి చేసుకున్న చెట్లతో 1990ల్లో స్పెయిన్ చేరింది. తోటమాలికి ఫోన్‌లో అనువాదం పెట్టి మా దగ్గరా ఇదే అని చెప్పాను. మరి మీరేం చేస్తారని అడిగాడు. బకెట్లో లింగాకర్షక ఎర పెడతామన్నాను. చెట్ల వరస చివరికి తీసుకెళ్లి వాళ్ల బకెట్ చూపించాడు. మా తోటలో ఉన్నదీ అలాంటిదే, రంగు ఒక్కటే వేరు.