రేడియేషన్ రోజుల్లో పథ్యం వద్దు



గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో మా దగ్గరకు వచ్చే స్త్రీలలో చాలామంది అప్పటికే చిక్కిపోయి, రక్తం తగ్గి ఉంటారు. నెలల తరబడి రక్తస్రావం ఒక కారణం. ఇంటిల్లిపాదీ తిన్నాక అడుగున మిగిలింది తినడం ఇంకో కారణం.

ఈ జబ్బు కొంత ముదిరితే సుమారు 5 వారాల రేడియేషన్, వారానికొక కీమో, ఆపై లోపలి రేడియేషన్ ఇస్తారు. అంతా 8 వారాల్లో ముగియాలి. ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది. రక్తం తక్కువగా ఉన్నవారిలో రేడియేషన్ సరిగా పనిచేయదు. నీరసించిన మనిషికి కీమో వాయిదా వేయవలసి వస్తుంది.

అయినా ఇళ్లలో "గుడ్డు వేడి, మాంసం తింటే గడ్డ పెరుగుతుంది" అని చారన్నంతో సరిపెడతారు. తిండి మానితే గడ్డ కరగదు, ఒంట్లో కండ కరుగుతుంది. 50 కిలోల స్త్రీకి చికిత్సలో రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులైనా కావాలి. గుడ్డులో ఉండేది 6 గ్రాములే! కనుక రెండు గుడ్లతోపాటు పప్పు, పెరుగు, చేప కూడా పెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరుగారిని అడగండి.

విరేచనాలు మొదలైతే ఆకుకూరలు కొన్నాళ్లు ఆపి మెత్తని అన్నం, పలుచని మజ్జిగ, అరటిపండు ఇవ్వండి.

ఉపవాస ప్రార్థన ఆమె కోసం మీరు చేయండి. ఆమె చేత మాత్రం ఉపవాసం చేయించవద్దని సంఘ పెద్దలను కోరుచున్నాము.

నెలలో రెండు కిలోలు తగ్గినా, రెండు రోజులు ముద్ద దిగకపోయినా తర్వాతి తేదీ దాకా ఆగక వార్డు సిస్టరుకు చెప్పండి.