అమెరికాలో ఉద్యోగం, రిటైర్మెంట్ ఎక్కడో తెలీదు: మరి నెలకి ఎంత దాచాలి?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా అమెరికాలో హెచ్-1బి మీద పనిచేస్తున్నవాళ్లకి, ఎమ్మెస్ అయ్యి ఓపీటీలో ఉన్నవాళ్లకి. త్వరలో వెళ్లబోతున్నవాళ్లు కూడా చూడండి, మీకే ఎక్కువ పనికొస్తుంది.

డల్లాస్‌లో ఉన్న నా బీటెక్ క్లాస్‌మేట్ మొన్న ఫోన్‌లో, "మామా, ఇక్కడ ఉంటానో, వెనక్కి వస్తానో నాకే తెలీదు. ఇంక రిటైర్మెంట్‌కి ఏం దాస్తాం రా?" అన్నాడు. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్న చాలామందిది ఇదే మాట. ఎక్కడుంటామో తేలాక చూద్దాంలే అనుకుంటారు. ఆ తేలేలోపు పదేళ్లు గడిచిపోతాయి. ఉద్యోగం పోతే హెచ్-1బి వాళ్లకి సాధారణంగా ఉండే గడువు 60 రోజులే. అంటే మన నిర్ణయం మన చేతుల్లో లేకుండానే జరిగిపోవచ్చు.

అందుకే నేను చెప్పేది ఒకటే. ఒక నంబర్ కాదు, రెండు నంబర్లు వేసుకోండి. ఇండియాలో రిటైర్ అయితే ఎంత, అమెరికాలో అయితే ఎంత. ముందు చిన్న నంబర్ అందుకోండి. దానికి వీసా తేలక్కర్లేదు.

మొదటి లెక్క: జీతం కాదు, ఖర్చు

రిటైర్మెంట్‌కి ఎంత కావాలి అనేది మీ ప్యాకేజీ మీద ఆధారపడదు, అప్పుడు మీ నెల ఖర్చు ఎంత అనే దాని మీద ఆధారపడుతుంది.

1994లో విలియం బెంగెన్ అనే ఫైనాన్షియల్ ప్లానర్ అమెరికా పాత మార్కెట్ డేటా తీసుకుని ఒక లెక్క చూపించాడు. రిటైర్ అయిన మొదటి ఏడాది మొత్తం డబ్బులో 4 శాతం తీసుకుని, తర్వాత ప్రతి ఏడాది ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచుకుంటూ పోతే, ఆ డబ్బు 30 ఏళ్లు సరిపోయింది. తిప్పి చెప్తే, ఏడాది ఖర్చుకి 25 రెట్లు కావాలి. ఇది అమెరికా డేటా. మన దగ్గర ధరలు ఇంకా వేగంగా పెరుగుతాయి కాబట్టి ఇండియాకి నేను 30 రెట్లు వేస్తున్నాను.

ఇప్పుడు ఉదాహరణ. సొంత ఇల్లు ఉండి, విజయవాడలోనో వరంగల్‌లోనో ఇద్దరు మనుషులు నెలకి 75,000తో బతకాలనుకుందాం. ఏడాదికి 9 లక్షలు. 30 రెట్లు అంటే 2 కోట్ల 70 లక్షలు. డాలర్ 90 రూపాయలు అనుకుంటే 3 లక్షల డాలర్లు.

అదే అమెరికాలో నెలకి 5,000 డాలర్ల ఖర్చు అనుకుంటే ఏడాదికి 60,000. 25 రెట్లు వేస్తే 15 లక్షల డాలర్లు. మనిషి ఒక్కడే, నంబర్లో మాత్రం ఐదు రెట్లు తేడా. పెద్ద నంబర్ చూసి "మన వల్ల కాదులే" అని వదిలేసేవాళ్లు చిన్న నంబర్ వైపు అసలు చూడటం లేదు. నా బాధ అది.

రెండో లెక్క: ధరలు

ఆ 2.7 కోట్లు ఇవాళ్టి రూపాయల్లో. మీకు ఇప్పుడు 30 ఏళ్లు, 60కి రిటైర్ అవుతారనుకుందాం. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే దాదాపు 12 ఏళ్లకోసారి రెట్టింపు అవుతాయి. 30 ఏళ్లలో 5.74 రెట్లు. ఇవాళ 75,000తో నడిచే ఇల్లు అప్పుడు 4 లక్షల 30 వేలతో నడుస్తుంది. మొత్తం నంబర్ 15.5 కోట్లు అవుతుంది.

భయపడకండి. ధరలు పెరిగినట్టే పెట్టిన డబ్బు కూడా పెరుగుతుంది. రూపాయల్లో ఏడాదికి 10 శాతం పెరిగిందనుకుంటే, 30 ఏళ్లపాటు నెలకి సుమారు 68,600 పెట్టాలి. అంటే 760 డాలర్ల చిల్లర. 8 శాతమే వస్తే నెలకి లక్షా 4 వేలు, దాదాపు 1,155 డాలర్లు. ఏ రిటర్న్‌కీ గ్యారంటీ లేదు, అందుకే రెండూ చెప్తున్నా.

ఇప్పుడు అసలు పాయింట్. అదే మనిషి 40 ఏళ్లకి మొదలుపెడితే? అదే 10 శాతం లెక్కన నెలకి 2 లక్షల 4 వేలు పెట్టాలి. దాదాపు మూడు రెట్లు. "తేలాక చూద్దాం" అనే మాట ఖరీదు ఇదే.

401కే: ఎలాగూ వెళ్లిపోతాం కదా, ఎందుకు?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. మీ కంపెనీ జీతంలో 6 శాతం వరకు మీరు పెట్టే ప్రతి డాలర్‌కి అర డాలర్ మ్యాచ్ ఇస్తుందనుకుందాం. జీతం 1,10,000 డాలర్లు. మీరు పెట్టేది 6,600, కంపెనీ ఇచ్చేది 3,300. మొత్తం 9,900. నెలకి 825 డాలర్లు.

ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. మన చిన్న నంబర్‌కి 10 శాతం లెక్కన నెలకి 760 చిల్లర కావాలి. ఒక్క మ్యాచ్ పూర్తిగా వాడుకుంటేనే అది దాటేశాం. తీసేటప్పుడు పన్ను ఉంటుంది, కాబట్టి పని అయిపోయిందని కాదు. కానీ పునాది పడిపోయింది.

59న్నర ఏళ్ల లోపు తీస్తే మామూలు పన్ను కాక 10 శాతం పెనాల్టీ ఉంటుంది. సరే, 9,900లో పెనాల్టీ 990. కంపెనీ ఇచ్చింది 3,300. పెనాల్టీ కట్టినా మ్యాచ్‌లో 2,310 మిగిలింది. ఒక్కటి మాత్రం చూసుకోండి: వెస్టింగ్. కంపెనీ పెట్టిన డబ్బు పూర్తిగా మీది కావడానికి కొన్ని చోట్ల కొన్నేళ్లు పని చేయాలి. హెచ్‌ఆర్‌ని అడిగితే చెప్తారు.

ఇండియాకి వచ్చేస్తే ఆ ఖాతా మూసేయాలని రూలేమీ లేదు. చాలా ప్లాన్లలో అలాగే ఉంచుకోవచ్చు, లేదా ఐఆర్ఏకి మార్చుకోవచ్చు.

సోషల్ సెక్యూరిటీని నమ్ముకోవచ్చా?

మీ పే స్లిప్‌లో 6.2 శాతం కట్ అవుతుంది, కంపెనీ ఇంకో 6.2 కడుతుంది. పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగే వస్తాయి, అంటే పదేళ్ల పని. ఓపీటీలో సాధారణంగా ఈ పన్ను కట్ అవదు కాబట్టి ఆ కాలం లెక్కలోకి రాదు. ఇండియాకీ అమెరికాకీ మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు. అందుకని ఇక్కడి పీఎఫ్ ఏళ్లని అక్కడ కలపరు. 39 క్రెడిట్లతో వచ్చేస్తే కట్టింది తిరిగి ఇవ్వరు.

తొమ్మిదో ఏడాదిలో ఉండి తిరిగి రావాలని ఆలోచిస్తున్నవాళ్లు ఈ లెక్క తప్పకుండా చూసుకోండి. ఎస్ఎస్ఏ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిస్తే మీ క్రెడిట్లు కనిపిస్తాయి. 40 దాటితే భారత పౌరులు ఇండియాలో ఉండి కూడా పెన్షన్ తీసుకోవచ్చు. కాకపోతే లెక్క 35 ఏళ్ల సంపాదన మీద వేస్తారు, పదేళ్లే పనిచేస్తే మిగతా 25 సున్నాలే. దాన్ని బోనస్ అనుకోండి, ప్లాన్ అనుకోకండి.

ఇంటికి పంపే డబ్బు, ఊళ్లో ప్లాటు

అమ్మానాన్నలకి పంపడం గురించి నేనేమీ అనను, అది మన బాధ్యత. కానీ "ఊళ్లో రెండు ప్లాట్లు కొన్నాను, అదే నా రిటైర్మెంట్" అంటే మాత్రం ఆగండి. ఖాళీ ప్లాటు నెల నెలా డబ్బు ఇవ్వదు. అమ్మాలి, అమ్మాలంటే కొనేవాడు దొరకాలి. ఉండటానికి ఒక ఇల్లు సరే. ఆ పైన కొనే ప్లాటుని నంబర్లో కలపకండి.

ఇంకో చిక్కు. ఎన్ఆర్ఈ ఎఫ్‌డీ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. కానీ మీరు అమెరికా ట్యాక్స్ రెసిడెంట్ అయితే అక్కడ ఆ వడ్డీ చూపించాలి. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ ఫైల్ చేయాలి. ఇండియా మ్యూచువల్ ఫండ్స్‌కి అమెరికాలో పీఎఫ్ఐసీ రూల్స్ వర్తిస్తాయి, అవి చాలా కఠినం. అక్కడ ఉన్నన్నాళ్లు అక్కడి ఇండెక్స్ ఫండ్లలో పెట్టుకోవడమే తేలిక.

డాలర్లలో ఉంచితే ఇంకో లాభం కూడా ఉంది. 2011 మధ్యలో డాలర్ 45 రూపాయల దగ్గర ఉండేది, 2025 చివరికి 90 తాకింది. ఇలాగే సాగుతుందని చెప్పలేం. కానీ అన్నీ రూపాయల్లోకి మార్చేయడానికి తొందర అక్కర్లేదు.

వెనక్కి వచ్చేటప్పుడు

చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకి రెండు, మూడేళ్లు ఆర్ఎన్ఓఆర్ హోదా దొరుకుతుంది. ఆ టైమ్‌లో విదేశీ ఆదాయం మీద సాధారణంగా ఇక్కడ పన్ను ఉండదు. ఆ తర్వాత కూడా 401కే లాంటి ఖాతాల్లో పెరిగిన డబ్బుకి, తీసినప్పుడే ఇక్కడ పన్ను కట్టే ఆప్షన్ ఉంది. ఫారమ్ ఇచ్చి ఎంచుకోవాలి, దానంతట అది రాదు.

చివరిగా ఎవరూ చెప్పని విషయం. మీరు ఇండియాలో స్థిరపడ్డాక చనిపోతే, అమెరికాలో ఉన్న మీ ఆస్తి 60,000 డాలర్లు దాటితే అక్కడ ఎస్టేట్ ట్యాక్స్ పడొచ్చు. అందుకే నామినీ పేరు రాయడంతో ఆగకుండా, తిరిగి వచ్చే ముందు రెండు దేశాల పన్నులు తెలిసిన సీపీఏతో, సీఏతో ఒకసారి కూర్చోండి.

ఈ వారం చేయాల్సినవి మూడే. మీరు ఉండాలనుకునే ఊళ్లో నెల ఖర్చు ఎంతో ఇంట్లోవాళ్లని అడిగి రాసుకోండి. దాన్ని 12తో, 30తో గుణించండి. తర్వాత 401కే పోర్టల్ తెరిచి, మ్యాచ్ పూర్తిగా వాడుతున్నారో లేదో చూడండి. చిన్న నంబర్ అందాక జీతం పెరిగినప్పుడల్లా ఒక శాతం పెంచుతూ పెద్ద నంబర్ వైపు నడవండి. వీసా ఎటు తిప్పినా, రోడ్డున పడే పరిస్థితి మాత్రం రాదు.

వచ్చే ఎపిసోడ్‌లో గల్ఫ్‌లో ఉన్నవాళ్ల లెక్క చూద్దాం, అక్కడి కథ పూర్తిగా వేరు. అంతవరకు జాగ్రత్త, ఉంటాను.