వేళ్ళ వంతులు

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద ‘తెలుగు’ అని కొట్టి చూడండి. ‘త’ కుడిచేతిది, ఎత్వం ఎడమచేతిది. ‘ల’ కుడిది, కొమ్ము ఎడమది. ‘గ’ మళ్ళీ కుడిది, దాని కొమ్ము మళ్ళీ ఎడమది. ఆరు మీటల్లో ఎక్కడా ఒకే చెయ్యి వెంటవెంటనే రెండు నొక్కదు. ఒక చెయ్యి నొక్కుతుండగానే రెండోది తన మీట మీదికి చేరిపోతుంది. ఒకే రోట్లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రెండు రోకళ్ళతో దంచేటప్పుడు కూడా ఇంతే, ఒకటి దిగుతుంటే రెండోది లేస్తుంటుంది. కీబోర్డులో నన్ను ఎప్పటికీ వదలని సంగతి ఈ వంతులే. అక్షరాల అమరికకు దీన్నే పునాదిగా పెట్టి, దానికోసం జీవితంలో సగం పోరాడినవాడు ఆగస్ట్ డ్వొరాక్.

అతను ఎవరితో పోరాడాడో ముందు చెప్పాలి. మన చేతికింద ఉన్న క్వెర్టీ అమరిక అమెరికాలో మిల్వాకీ ఊరి పత్రికా సంపాదకుడు క్రిస్టఫర్ షోల్స్ టైప్‌రైటర్‌తో పుట్టింది. ఆ యంత్రంలో ఒక్కో అక్షరం ఒక్కో లోహపు కడ్డీ చివర ఉండేది. మీట నొక్కితే కడ్డీ అడుగు నుంచి లేచి కాగితానికి తగిలేది. పక్కపక్క కడ్డీలు ఒకదాని వెంట ఒకటి లేస్తే దారిలో చిక్కుకునేవి. షోల్స్, అతనికి పెట్టుబడి పెట్టిన జేమ్స్ డెన్స్‌మోర్ కలిసి అక్షరాలను ఏళ్ళ తరబడి అటూ ఇటూ జరిపారు. యంత్రం 1873లో రెమింగ్టన్ వారి చేతికి వెళ్ళింది, మరుసటి ఏడు అమ్మకానికి వచ్చింది. మొదట్లో అక్షరాలు వరసక్రమంలోనే ఉండేవనడానికి ఆనవాలు ఇప్పటికీ మన కళ్ళముందే ఉంది. మధ్య వరసలో డీ, ఎఫ్, జీ, హెచ్, జే, కే, ఎల్ వరసగా కూర్చున్నాయి చూడండి. ఆ వరసలోంచి ఈ, ఐ అనే రెండు అచ్చులే పై వరసకు ఎగబాకాయి.

టైపిస్టుల వేగం తగ్గించడానికే ఇలా పెట్టారని ఒక కథ బాగా చలామణీలో ఉంది. నాకది నమ్మబుద్ధి కాదు. కడ్డీలు చిక్కుపడకుండా చూడటం వేరు, మనిషిని నెమ్మదింపజేయడం వేరు. క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన యాసువోకా దంపతులైతే అసలు కడ్డీల కథనే పక్కన పెట్టి, తొలి యంత్రాలు వాడిన టెలిగ్రాఫ్ ఆపరేటర్ల అవసరాలే ఈ అమరికను మలిచాయని వాదించారు. ఏది నిజమైనా ఒక మాట మాత్రం ఖాయం. షోల్స్ అక్షరాలు పేర్చే నాటికి పది వేళ్ళతో చూడకుండా టైప్ చేసే పద్ధతి వాడుకలో లేదు. 1888లో సిన్సినాటిలో జరిగిన పోటీలో ఫ్రాంక్ మెగరిన్ అనే కోర్టు స్టెనోగ్రాఫర్ మీటల వంక చూడకుండా కొట్టి లూయీ ట్రాబ్‌ను ఓడించాకే ఆ పద్ధతికి పేరొచ్చింది. అంటే ఏ వేలికి ఎంత పని పడుతుందన్న లెక్క క్వెర్టీ పుట్టుకలో లేనే లేదు. ఆ అమరిక తయారైంది యంత్రం ఇబ్బందులో, టెలిగ్రాఫ్ వాళ్ళ అవసరాలో చూసి. చేతుల సంగతి తర్వాతి వాళ్ళకు మిగిలిపోయింది.

డ్వొరాక్ సియాటిల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం బోధించేవాడు. గెర్ట్రూడ్ ఫోర్డ్ అనే విద్యార్థిని టైపింగ్‌లో దొర్లే తప్పుల మీద చేస్తున్న పరిశోధనకు మార్గదర్శిగా ఉంటూ ఈ గొడవలోకి దిగాడు. అతని బావ విలియం డీలీ ఆసరికే గిల్‌బ్రెత్ దంపతుల పద్ధతులు తెలిసినవాడు. ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్‌లు పనివాళ్ళ చేతుల కదలికలను సినిమా తీసి, నెమ్మదిగా తిప్పి చూసి, ఏ కదలిక వృథానో పట్టుకునేవారు. టైపిస్టుల వేళ్ళనూ డ్వొరాక్, డీలీ అలాగే చూశారు. తెరమీద అసలు సంగతి బయటపడింది. మీట నొక్కడానికి పట్టే శ్రమ చాలా కొద్ది. వేళ్ళు పైకి చాచుకోవడం, కిందికి ముడుచుకోవడం, మధ్య వరస దాటి దూకడం, ఒకే వేలు వెంటనే ఇంకో మీటకు పరిగెత్తడం, చేతుల్ని అలసట పెట్టేవి ఇవన్నీ.

ఇంగ్లీషులో ‘మినిమమ్’ అనే మాటను క్వెర్టీ మీద రాయండి. ఎమ్, ఐ, ఎన్, ఐ, ఎమ్, యూ, ఎమ్. ఏడు అక్షరాలూ కుడిచేతివే. పైగా ఎమ్, ఎన్ అడుగు వరసలో, ఐ, యూ పై వరసలో. అంటే మాట పొడుగునా చెయ్యి మధ్య వరస మీదుగా ఎగిరి దూకుతూనే ఉంటుంది, ఎడమచెయ్యి ఊరికే కూర్చుంటుంది. డ్వొరాక్ ఏం చేశాడంటే, అచ్చులు అయిదింటినీ ఎడమచేతి మధ్య వరసలో పెట్టేశాడు: ఏ, ఓ, ఈ, యూ, ఐ. కుడిచేతి మధ్య వరసలో ఎక్కువగా వచ్చే హల్లులు: డీ, హెచ్, టీ, ఎన్, ఎస్. ఇప్పుడు అదే మాట కొడితే కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ చివరిదాకా వంతులు తప్పవు. ఇంగ్లీషులో అడుగడుగునా వచ్చే ‘ద’ అనే మాట చూడండి. టీ కుడి మధ్య వేలికి, హెచ్ చూపుడు వేలికి. వేళ్ళు లోపలికి దొర్లినట్టు రెండూ పడతాయి. ఆ వెంటనే ‘ఈ’ అక్షరం ఎడమ మధ్య వేలికి. మూడూ మధ్య వరసలోనే, వేళ్ళు విశ్రాంతిగా ఉండే చోటే. లెక్కవేస్తే ఇంగ్లీషు రాతలో సుమారు 70 శాతం నొక్కుళ్ళు డ్వొరాక్ మధ్య వరసలో పడతాయి. క్వెర్టీలో అది 32 శాతం దగ్గరే ఆగుతుంది, సగానికి పైగా పై వరసకు పోతాయి. బావా బావమరుదులిద్దరూ 1932లో దరఖాస్తు పెట్టారు, 1936లో పేటెంట్ వచ్చింది.

ఈ అమరికకు నేను మారాను. కంప్యూటర్ సెట్టింగుల్లో భాష వరస కింద ఒక్క క్లిక్‌తో అయిపోయే పని, కొత్త కీబోర్డు కొనక్కర్లేదు. కొత్తలో చెయ్యి కట్టేసినట్టు ఉంటుంది. పాత అలవాటు ముందుకు తోస్తుంటే మెదడు వెనక్కి లాగుతుంది, పాస్‌వర్డు కొట్టాలన్నా ఆలోచించాలి. అది దాటాక తెలిసే తేడా వేగంలో కాదు. వేళ్ళు కదలడం తగ్గుతుంది. పొడుగు వ్యాసం రాసి లేచినా వేళ్ళ కణుపుల్లో ఆ లాగుడు ఉండదు. ఇది నాకు ఎంతో హాయినిచ్చింది. ఒక చిక్కు మాత్రం ఉంది. కాపీ, పేస్ట్ మీటలు ఎడమ చేతిలోంచి కుడిచేతికి పోతాయి. 2006లో షాయ్ కోల్‌మన్ తెచ్చిన కోల్‌మాక్ అమరిక దీన్ని గమనించి ఆ మీటల్ని కదిలించకుండా, క్వెర్టీలో 17 మీటలు మాత్రమే మార్చింది. మారడానికి భయపడేవాళ్ళకు నేను దాన్నే చెప్తాను.

అయితే మణికట్టు సంగతి వేరు, దీన్ని కలిపేసి చెప్పేవాళ్ళతో నాకు పేచీ. మణికట్టులో ఎముకల మధ్య ఒక ఇరుకు సొరంగం ఉంటుంది. వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటి పక్కన మీడియన్ నరం దాంట్లోంచే వెళ్తాయి. మణికట్టు వెనక్కి వంగితే ఆ సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. నరం నలిగితే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతాయి. మీటల మీద ఏ అక్షరం రాసుందో మణికట్టుకు తెలియదు. అది వంగేది కీబోర్డు ఎత్తును బట్టి, వాలును బట్టి. నా మణికట్టు బయటివైపు పీకు అక్షరాలు మార్చినా పోలేదు. కీబోర్డు వెనక కాళ్ళు మడిచేసి, బల్ల కాస్త దించాకే తగ్గింది. చేతులు దగ్గరగా పెట్టి పని చేసేవాళ్ళ మణికట్లు చిటికెన వేళ్ళ వైపు వంకరపోతాయి. దానికి మందు రెండుగా చీల్చిన కీబోర్డు. ఇంగ్లండులో లిలియన్ మాల్ట్, స్టీఫెన్ హాబ్‌డే 1970లలో చేసిన మాల్ట్రన్ అలాంటిదే, దాంట్లో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరాన్ని బొటనవేలి కిందికి తెచ్చారు. ఇంకో విచిత్రం, మీటల వరసలు ఒకదానికొకటి పక్కకు జరిగి ఉండటానికి కారణం పాత టైప్‌రైటర్‌లో ఒక మీట తులాదండం ఇంకో మీట పక్కగా పోవాల్సి రావడమే. ఆ దండాలు ఎప్పుడో పోయాయి, జరుగుడు మాత్రం మిగిలింది.

డ్వొరాక్ ఎందుకు గెలవలేదన్న కథ చాలామంది చెప్పిందే. 1944లో అమెరికా నౌకాదళం చేసిన పరీక్ష అతని అమరికను మెచ్చుకుంది, కానీ అప్పుడు అతను ఆ నౌకాదళంలోనే అధికారి. 1956లో ఎర్ల్ స్ట్రాంగ్ చేసిన ప్రభుత్వ పరీక్ష మారడం దండగ అంది. 1985లో పాల్ డేవిడ్ అనే ఆర్థికవేత్త దీన్ని మంచి వస్తువు ఓడిపోయే తీరుకు ఉదాహరణగా చూపించాడు, 1990లో లీబోవిట్జ్, మార్గొలిస్ ఆ ఉదాహరణే తప్పన్నారు. ఇందరు కొట్లాడుకున్నది వేగం మీద. చేతుల సుఖం పక్కనే ఉండిపోయింది. డ్వొరాక్ 1975లో పోయాడు, 1982లో అతని అమరికకు అమెరికా ప్రమాణాల సంస్థ గుర్తింపు దొరికింది.

వాళ్ళెవ్వరూ ఎత్తని మాట ఒకటుంది. ఏ అమరికైనా ఏదో ఒక భాషకు కొలిచి కుట్టిందే. మనం ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతాం కదా, డ్వొరాక్ మీద అది బాగానే సాగుతుంది. హల్లు వెంట అచ్చు వచ్చే భాష మనది కాబట్టి ‘మనం’ వంటి మాటల్లో చేతులు చక్కగా మారతాయి. కానీ కే అక్షరం ఇంగ్లీషులో అరుదు కనుక డ్వొరాక్ దాన్ని ఎడమచేతి అడుగు వరసకు నెట్టాడు. ‘కాకి’ రాస్తే మొత్తం ఎడమచేతి మీదే పడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ మన దేశంలో 1986లో ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణంగా తెచ్చిన అమరిక. గుణింతాలన్నీ ఎడమవైపు, హల్లుల్లో ఎక్కువ భాగం కుడివైపు. ‘రోజు’, ‘గీత’, ‘తోట’ అన్నీ వంతుల మీదే నడుస్తాయి. ‘అక్క’ కొట్టండి, చేతులు మారుతూనే ఉంటాయి. ‘అమ్మ’ కొట్టండి, అక్షరాలన్నీ ఒక్క ఎడమ మధ్య వేలి మీదే పడతాయి. అకారం, పొల్లు ఒకే మీట మీద ఉన్నాయి, ‘మ’ దాని కిందే ఉంది.

ఇంకో లోపం మన దక్షిణాది భాషల వాళ్ళకే పట్టింది. ఇన్‌స్క్రిప్ట్ భారతీయ లిపులన్నిటికీ కలిపి చేసిన అమరిక. హిందీకి హ్రస్వ ఎకార ఒకారాల అవసరం లేదు గనుక వాటిని అంచులకు తోసేశారు. ఎత్వం ఎడమ మూల కింద, ఒత్వం ఎడమ మూల పైన, అంకె ఒకటి పక్కన. ఓత్వం, ఔత్వం కూడా ఎడమ అంచునే. అంటే ఎ, ఒ, ఓ, ఔ గుణింతాలు నాలుగూ ఎడమ చిటికెన వేలి పనే, చేతిలో అన్నిటికన్నా బలహీనమైన వేలి పని. కొత్త, పొలం, మొదలు, తొందర... ప్రతిదానికీ ఆ వేలు మూలకు పరిగెత్తాలి. ‘ఒక’ అన్న మాటకైతే షిఫ్ట్ నొక్కి మరీ పరిగెత్తాలి. మనం వాక్యానికొకసారి వాడే మాట అది.

అందుకే మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే లేఅవుట్ తయారీ సాధనం తెరిచి ఒక చిన్న మార్పు చేసుకున్నాను. ఔత్వం మనకు మౌనం, గౌరవం, కౌలు లాంటి కొద్ది మాటల్లోనే వస్తుంది. దాన్ని మూలకు పంపి, అది కూర్చున్న మీటను ఒత్వానికి ఇచ్చాను. ఔ, ఒ కూడా వాటి వెంటే తారుమారయ్యాయి. మిగతా అమరికంతా ఉన్నదున్నట్టే ఉంది కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సింది రెండు మీటలే. ఎత్వాన్ని చిటికెన వేలి నుంచి తప్పించి ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేల్చుకోలేదు. ఇప్పటికి ఉంగరపు వేలి మీదున్న ఐత్వం చోటు మీద కన్నేసి ఉంచాను.