నిప్పు లేకుండా కాల్చే సోడా

ఎమ్మిగనూరు అనగానే ఎవరికైనా మగ్గం గుర్తుకు వస్తుంది. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. అప్పటినుంచి ఆ ఊరి నేతకు మంచి పేరు వచ్చింది. ఎంత ఉతికినా వెలవని గట్టి రంగు కావాలంటే నూలు చిలపలను వాట్ రంగుల్లోనో, నాఫ్తాల్ రంగుల్లోనో అద్దాలి. ఈ రంగులు ఊరికే నీళ్ళలో కలిపితే కరగవు. కరగాలంటే కాస్టిక్ సోడా పడాలి. అందుచేత అద్దకం ఉన్న చోటల్లా కాస్టిక్ సోడా ఉంటుంది. ఇంట్లో సబ్బు వండుకునేవారి దగ్గరా ఉంటుంది. మూసుకుపోయిన తూములు శుభ్రం చేసే పొడి కొంటే, అందులోనూ ఉండేది చాలావరకు ఇదే.

తెల్లగా, పటికబెల్లం పలుకుల్లాగా, రేకుల్లాగా కనిపించే ఈ పదార్థం పసిపిల్లల పాలిట ఎంత ప్రమాదమో ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. దానికి ముందు ఆమ్లం అంటే ఏమిటో, క్షారం అంటే ఏమిటో కాస్త తెలుసుకుందాం. ఇది బడిపిల్లల పాఠమే అయినా, మన వంటింట్లోనే ఉంది.

నిమ్మరసం, చింతపండు పులుసు, పుల్లమజ్జిగ ఇవన్నీ ఆమ్లాలు. పులుపు వాటి గుణం. సున్నం, చాకలి సోడా, బజ్జీల పిండిలో వేసే వంటసోడా ఇవన్నీ క్షారాలు. వేళ్ళ మధ్య జారుతున్నట్లుండటం క్షారాల గుణం. పూర్వం బట్టలు ఉతకడానికి చవుడు మట్టి వాడింది ఈ గుణం వల్లనే. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుందని మీకు తెలుసు. పసుపు మరక పడిన చీరకు సబ్బు రుద్దితే మరక ఎర్రబడటమూ చూసే ఉంటారు. క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది. నిమ్మరసం పిండితే మళ్ళీ పచ్చబడుతుంది.

ఈ పులుపును, క్షారాన్ని కొలవడానికి ఒక కొలబద్ద ఉంది. దానినే పి.హెచ్. అంటారు. 1909లో సోరెన్‌సెన్ అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు, కోపెన్‌హాగెన్‌లో బీరు తయారుచేసే కంపెనీవారి ప్రయోగశాలలో పనిచేస్తూ దీనిని ప్రవేశపెట్టాడు. మామూలుగా ఇది 0 నుంచి 14 వరకు ఉంటుంది. స్వచ్ఛమైన నీరు 7. అంతకంటె తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. నిమ్మరసం 2 ప్రాంతంలో, పాలు 7కు కాస్త తక్కువలో, వంటసోడా నీళ్ళు 8 దాటి, సున్నపు తేట 12 దాటి ఉంటాయి. చిక్కని కాస్టిక్ సోడా నీళ్ళు 14 దగ్గరకు పోతాయి. ఈ కొలబద్దలో ఒక్క మెట్టు ఎక్కితే తీవ్రత పదిరెట్లు పెరిగినట్లు లెక్క. అంటే వంటసోడాకు, కాస్టిక్ సోడాకు ఉన్న తేడా అయిదారు రెట్లు కాదు, లక్షల రెట్లు. రెండింటి పేరులోనూ “సోడా” ఉన్నదని పొరబడరాదు.

మన రక్తం పి.హెచ్. 7.35 నుంచి 7.45 మధ్యనే ఉంటుంది. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దానిని కాపాడుతుంటాయి. జీర్ణాశయంలో మాత్రం తీవ్రమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుంది. లోపలి జిగురుపొర అడ్డు ఉండటం వల్ల జీర్ణాశయానికి హాని కలగదు. గొంతు నుంచి కడుపులోకి వెళ్ళే అన్నవాహికకు అంతటి రక్షణ లేదు. కాస్టిక్ సోడా మింగితే మొదట దెబ్బతినేది అదే.

ఆమ్లం శరీరానికి తగిలినప్పుడు పైనున్న మాంసకృత్తులు గడ్డకట్టి ఒక పెచ్చులాగా ఏర్పడతాయి. ఆ పెచ్చు కొంతవరకు అడ్డుపడుతుంది. క్షారం అలా ఆగదు. సబ్బు తయారీలో నూనెను ఏం చేస్తుందో, ఒంట్లోని కొవ్వునూ అదే చేస్తుంది. కండను కరిగించుకుంటూ లోలోపలికి పోతుంది. చర్మం మీద పడినప్పుడు ఒక్కొక్కసారి మొదట్లో నొప్పి కూడా అంతగా తెలియదు. నొప్పి లేదు గనక ఫరవాలేదని ఊరుకుంటే పుండు లోతుగా దిగుతుంది. మింగిన బిడ్డ ఆ గండం గడిచినా కథ ముగియదు. కొన్ని వారాల తరువాత పుండు మానుతూ అన్నవాహిక ముడుచుకుపోవచ్చు. అప్పుడు అన్నం, ఆపైన నీళ్ళు కూడా దిగవు. దారిని వెడల్పు చేయడానికి మళ్ళీ మళ్ళీ ఆసుపత్రికి తిరగాలి. కొందరికి పెద్ద ఆపరేషనే అవసరమవుతుంది.

బిడ్డ మింగిందని తెలియగానే ఏం చేయాలి? ముందు చేయకూడనివి చెబుతాను. గొంతులో వేలు పెట్టి, ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. దిగేటప్పుడు కాల్చింది, వచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. క్షారానికి విరుగుడు పులుపే కదా అని చింతపండు రసమో, నిమ్మరసమో పోయకండి. రెండూ కలిసినచోట వేడి పుడుతుంది. యాసిడ్ తాగినవారికి వంటసోడా నీళ్ళు పట్టడమూ తప్పే. అందులోంచి వచ్చే గ్యాసుకు దెబ్బతిన్న కడుపు ఉబ్బి పగలవచ్చు.

చేయవలసినది ఇది. నోట్లో మిగిలిన రేకులను తడిగుడ్డతో తుడిచివేయండి. పెద్దపిల్లలైతే నీళ్ళు పుక్కిలించి ఉమ్మమనండి. వెంటనే 108కి ఫోను చేసి, అన్ని వసతులున్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మింగిన పదార్థం సీసా గాని, పొట్లం గాని డాక్టరుకు చూపించడానికి వెంట ఉంచుకోండి. పెదవులు బాగానే ఉన్నాయి, ఏడుపు మానిందని ఆగిపోకండి. నోట్లో పుండు లేకపోయినా అన్నవాహిక కాలి ఉండవచ్చు. సాధారణంగా మొదటి 24 గంటల్లో గొట్టం వేసి లోపల చూస్తేగాని సంగతి తెలియదు.

ఒంటిమీద పడితే తడిసిన బట్టలు విప్పి, రేకులో పొడో అయితే ముందు పొడిగుడ్డతో దులిపి, తరువాత ధారగా నీళ్ళు పోయండి. కంట్లో పడితే రెప్పలు విడదీసి కనీసం అరగంటసేపు మంచినీళ్ళు పోస్తూనే ఉండాలి. ఈ మాట కిళ్ళీ సున్నానికీ, పండుగలకు గోడకు వేసే సున్నానికీ కూడా వర్తిస్తుంది. సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కితే చివ్వున చిమ్మి కంట్లో పడుతుంది. రెప్ప కింద దాగిన సున్నపు పలుకు కనుగుడ్డును తింటూనే ఉంటుంది. కడిగిన తరువాత కంటి డాక్టరుకు చూపించి తీరాలి. తల్లిపాలు, నూనె, నెయ్యి వంటివి కంట్లో వేయకండి.

జాగ్రత్తలు చాలా సులభం. కాస్టిక్ సోడాను, యాసిడ్‌ను కూల్‌డ్రింకు సీసాల్లోనూ, ఇంట్లో నీళ్ళు తాగే చెంబుల్లోనూ గ్లాసుల్లోనూ ఎన్నడూ పోయవద్దు. దాహంతో వచ్చిన బిడ్డకు సీసాలో ఉన్నది ఏమిటో తెలియదు. మూత బిగించి, పేరు రాసి, తాళంవేసిన పెట్టెలో ఉంచండి. అద్దకం పని అయ్యాక మిగిలిన నీళ్ళను గిన్నెల్లో వదిలి భోజనానికి లేవకండి. కలిపేటప్పుడు నీళ్ళలో సోడాను కొద్దికొద్దిగా వేయాలేగాని, సోడా మీద నీళ్ళు కుమ్మరించరాదు. పొంగి ముఖాన చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వాడకండి. కాస్టిక్ ఆ లోహాన్నే తినివేస్తుంది. పాయిఖానా కడిగేటప్పుడు యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ కలిపితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. యాసిడ్ అమ్మకం మీద 2013లో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించింది. కొనేవారి వివరాలు రాసుకోవాలి, 18 ఏళ్ళలోపు వారికి అమ్మకూడదు. కాబట్టి కొట్టుకు పిల్లలను పంపకండి.

ఇది చదవడం ముగించి ఒకసారి మీ స్నానాలగది మూల, మగ్గం గుంట పక్క, వంటింటి గూటి కింద చూడండి. పేరులేని సీసా కనిపిస్తే, ఈ పూటే దానిని పిల్లల చేతికి అందనిచోట పెట్టండి.