అడిగినపుడే పలుకు పరికరము

కంప్యూటరులో ఆటలాడువారు రెండుచేతులతో పట్టుకొని మీటలు నొక్కు పరికరమునకు గేమ్‌ప్యాడు అని పేరు. అంగడిలో దొరకు గేమ్‌ప్యాడులు చాలవరకు పదివ్రేళ్లును చక్కగా వంగువారి కొరకు చేసినవి. పుట్టుకతోనో వ్యాధిచేతనో వ్రేళ్లపట్టు తప్పినవారికి అవి ఉపయోగపడవు. అట్టివారికొరకు మైక్రోసాఫ్టు సంస్థ 2018వ సంవత్సరమున పెద్దమీటలుగల గేమ్‌ప్యాడు నొకదానిని వెలువరించినది. అయినను ఒక్కొక్కరి అవసరము ఒక్కొక్కతీరు. కావున చెల్లెలికో, స్నేహితునికో సరిపడునట్లు ఇంటనే దానిని కూర్చుకొనువారు కలరు. కొన్ని మీటలు, కొంత తీగ, మైక్రోకంట్రోలరు అను చిప్పు బిగించిన పలక, ఒక యు.ఎస్.బి. కేబులు ఉన్నచో చాలును. కాని అంతయు కూర్చి కంప్యూటరునకు తగిలించి మీట నొక్కగా ఏమియు జరుగకుండుట తరచు సంభవించును. పలువురు ఆ చోటనే విసిగి పరికరమును మూల పడవేయుదురు. దానికై కాచుకొనియున్న బిడ్డ ఆట అంతటితో ఆగిపోవును. లోపమును వెదకుట కొక క్రమము కలదు. అది తెలియుటకు, ఆ కేబులు వెంట సమాచారము నడచు విధమును ముందుగా ఎరుగవలెను.

యు.ఎస్.బి. నిబంధనల తొలికూర్పు 1996 జనవరిలో వెలువడినది. ఇంటెల్ మొదలగు ఏడు సంస్థలు కూడి దానిని రూపొందించినవి. ఇంటెల్‌లో ఈ పనికి ప్రముఖుడుగా నుండిన అజయ్ భట్ మనదేశమున పుట్టి, బరోడాలో చదివిన ఇంజనీరు. ఈ నిబంధనలలో మూలమైనది ఒక్కటి: పరికరము తనంతట తాను పలుకరాదు, కంప్యూటరు అడిగినపుడే బదులు చెప్పవలెను. తరగతిలో ఉపాధ్యాయుడు హాజరు పిలుచుచుండగా విద్యార్థి తన పేరు వచ్చువరకు ఊరకుండును గదా! మీరు మీట నొక్కిన వార్తయు అట్లే తన వంతుకొరకు కాచుకొనియుండును. ఆ వంతు త్వరగానే వచ్చును. సెకనునకు 1.2 కోట్ల బిట్లు పంపగల పరికరమును కంప్యూటరు వేయిమార్ల వరకు పలుకరింపగలదు. కావున లోపమును వెదకుట యనగా, ఈ సంభాషణ ఏ మాటవద్ద ఆగినదో కనుగొనుటయే.

మొదట కేబులును అనుమానింపవలెను. సాధారణమైన యు.ఎస్.బి. కేబులులో నాలుగు తీగ లుండును. ఎర్రనిది 5 వోల్టుల విద్యుత్తును తెచ్చును. నల్లనిది దానిని తిరిగి కొనిపోవును. తెల్లనిదియు, ఆకుపచ్చనిదియు సమాచారమును మోయును. ఫోనులకు విద్యుత్తు నెక్కించుటకు మాత్రమే చేసిన చౌకకేబులులలో ఈ కడపటి రెండు తీగలును ఉండవు. అట్టి కేబులుతో పలకమీది దీపము వెలుగును. కాని ఒక్కమాటయు దాటదు. దీపమును చూచి మోసపోరాదు. అదే కేబులుతో ఫోనులోని బొమ్మలను కంప్యూటరులోనికి తీసిచూచినచో నిజము తేలును.

తెల్ల, ఆకుపచ్చ తీగలను తారుమారుగా మాటువేసినను చిక్కే. పరికరము 1500 ఓముల నిరోధకముతో ఆకుపచ్చతీగను 3.3 వోల్టులకు లాగినచో తాను వేగముగా మాటలాడుదునని అర్థము. తెల్లతీగను లాగినచో మెల్లగా, అనగా సెకనునకు 15 లక్షల బిట్ల చొప్పున, మాటలాడుదునని అర్థము. తీగలు మారినచో కంప్యూటరు ఒక వేగమున అడుగును. పరికరము మరియొక వేగమున వినును. అప్పుడు తెరపై 'గుర్తుతెలియని పరికరము' అను మాట కానవచ్చును. ఈ మాటకు భయపడ నక్కరలేదు. ఎవరో వచ్చిరని కంప్యూటరు గ్రహించినదనియు, పరిచయము మాత్రము పూర్తికాలేదనియు అది తెలుపుచున్నది. ఏమియు కనబడకుండుటకంటె ఇది మేలు.

పలకను ఎన్నుకొనుటలోనే పొరపాటు జరుగుటయు కలదు. 2010లో వెలువడిన ఆర్డుయినో ఊనో పలకలోని ప్రధానమైన చిప్పునకు యు.ఎస్.బి. భాష రాదు, ప్రక్కనున్న వేరొక చిప్పు దుబాసిగా నిలుచును. అందుచే కంప్యూటరు దానిని గేమ్‌ప్యాడుగా గుర్తింపదు. 2012లో వచ్చిన లియొనార్డో పలకలోని చిప్పునకు ఆ భాష స్వయముగా వచ్చును.

పరిచయము ముగిసినను మీటలు తప్పుగా పనిచేసినచో, మాట తప్పుటయే కారణము కావచ్చును. పరికరము తాను పంపబోవు వార్తల రూపమును పరిచయవేళనే ఒక పట్టికగా సమర్పించును. పది మీటలును, రెండుదిశల కదలు ఒక జాయ్‌స్టిక్కును ఉన్నవనుకొందము. మీటకు ఒక్క బిట్టు చొప్పున పది బిట్లు. దిశకు ఎనిమిది చొప్పున పదునారు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, పది మీటల తరువాత ఆరు బిట్లు ఖాళీగా విడిచి రెండు బైట్లు నింపుదురు. వార్తలో ఈ ఖాళీని విడిచి, పట్టికలో దానిని చెప్ప మరచినచో ఏమగును? కొన్ని కంప్యూటరులు పరికరమును స్వీకరింపనే స్వీకరింపవు. స్వీకరించినవి జాయ్‌స్టిక్కు సంఖ్యను ఆరు బిట్లు ముందుగా చదువుట మొదలిడును. అప్పుడు జాయ్‌స్టిక్కు ఒక్క అంకె కదలినను 64 అంకెలు కదలినట్లు తోచును. తెరమీది బొమ్మ పిచ్చిపట్టినట్లు ఎగురును. తీగలలో ఎంత వెదకినను ఈ దోషము దొరకదు.

ఒకసారి నొక్కిన మీట మూడుసార్లు నొక్కినట్లు తోచుట మాత్రము యు.ఎస్.బి. దోషము కాదు. మీటలోని లోహపురేకు కొన్ని మిల్లీసెకనులపాటు అదరుటయే దానికి కారణము. ఆ అదురు తగ్గువరకు ప్రోగ్రాము ఆగిచూచినచో సరిపోవును.

ఈ వెదకులాటను సగమునకు తగ్గించు ఉపాయ మొకటి కలదు. అన్నిటికంటె ముందు దీనినే చేయుట మంచిదని నా అభిప్రాయము. మీటల తీగలన్నియు ఊడదీసి, సెకనున కొకమారు మొదటిమీట నొక్కినట్లు తానే చెప్పు చిన్న ప్రోగ్రామును చిప్పులోనికి ఎక్కింపుడు. అది కంప్యూటరునకు సరిగా చేరినచో కేబులు, పలక, పట్టిక నిర్దోషములు. లోపము మీటలవైపు నున్నది. చేరనిచో మీటలను ముట్టుకొన బనిలేదు. ఒకమారు ఒక్కదానినే మార్చి చూడవలెను; రెండు మార్చినచో దేనివలన బాగుపడినదో తెలియదు.

విండోసులో గేమ్‌ప్యాడులను పరీక్షించు చిన్న కిటికీ ఒకటి కలదు. అందు పది మీటలకును పది దీపములు వెలిగినపిమ్మట మిగిలినది వడ్రంగము. ఏ మీట ఎచ్చట నుండవలెనో, ఎంత మెత్తగా నుండవలెనో ఆడబోవు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అడిగి, బిగింపవలెను.