వేపాకు చేదైతే విషం ఎక్కనట్టేనా?

పొలంలో పాము కరిచిందంటే ఇప్పటికీ చాలా ఊళ్లలో ముందు పసరు వైద్యుడికే కబురు వెళ్తుంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఆకూ వేరూ చుట్టూ అల్లుకున్న నమ్మకాల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: వేపాకు నమిలితే చేదు తెలిసిందా, విషం ఎక్కనట్టే.
వాస్తవం: రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. నాలుకకు చేదు తెలుస్తూనే ఉంటుంది. ఆసుపత్రిలో శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. అప్పటికీ నీళ్లలా జారితే విషం పనిచేస్తున్నట్టే. కట్లపాము కాటు ఈ పరీక్షలో బయటపడదు. అందుకే కనురెప్పలు వాలిపోతున్నాయేమో గమనిస్తారు.

అపోహ: ఈశ్వరి వేరు నూరి తాగిస్తే విషం విరుగుతుంది.
వాస్తవం: ఈ మొక్కలోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్‌కూ దారితీస్తుంది. రక్తపింజర విషం దెబ్బతీసేదీ కిడ్నీలనే.

అపోహ: సర్పగంధ పాముకాటుకు మందు, పెరట్లో ఉంటే పాములూ రావు.
వాస్తవం: దీని వేరు నుంచి 1952లో రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. అది బీపీని తగ్గిస్తుంది. కాటు తిని బీపీ పడిపోతున్న మనిషికి అది మరింత ముప్పు. ఇక పెరట్లోకి పాము వచ్చేది ఎలుకల కోసం. ఆ మొక్క ఉందో లేదో చూసుకుని కాదు.

అపోహ: తుమ్మి ఆకు పసరు ముక్కులో పిండితే మా తాత బతికాడు.
వాస్తవం: కరిచే పాముల్లో విషం లేనివే ఎక్కువ. విషసర్పం కూడా ఒక్కోసారి కోర దించినా విషం వదలదు. అలాంటప్పుడు ఏ పసరు పోసినా, పోయకపోయినా మనిషి బతుకుతాడు. పేరు మాత్రం పసరుకొస్తుంది. మింగలేని స్థితిలో ఉన్నవారి ముక్కులో పసరు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

పాము కరిస్తే గాయాన్ని కోయొద్దు, బిగించి కట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే ఇంజెక్షన్ ఒక్కటే. అది ఏ చెట్టుకూ కాయదు, ఆసుపత్రిలోనే దొరుకుతుంది.