చిత్రిక, సానరాయి, నాలుగు మంచంకోళ్ళు

ఖరగ్‌పూర్ అనగానే మన సిబ్బందిలో అనేకులకు గుర్తుకు వచ్చేది అక్కడి పొడవైన ప్లాట్‌ఫారం. 1072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం 2013లో గోరఖ్‌పూర్ మించిపోయే వరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొందినది. మాకు మాత్రం ఆ ఊరి పేరు వినగానే తాజా చెక్కపొట్టు వాసన తగులుతుంది.

వాల్తేరు నుండి కటక్ వరకు గల తూర్పుతీర మార్గము 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కలిసినది. ఆ పట్టాల వెంటే ఉత్తరాంధ్ర పనివారు ఖరగ్‌పూర్ కర్మాగారమునకు తరలివెళ్ళి, అక్కడనే స్థిరపడ్డారు. 1955లో పెరంబూరులో ఉక్కు పెట్టెల తయారీ మొదలగుటకు పూర్వము రైలుపెట్టెల నిర్మాణములో కలపకు పెద్దపీట ఉండేది. కనుక వడ్రంగికి గౌరవమూ ఉండేది. మా మేనమామగారు ఆ వడ్రంగులలో చివరి తరమునకు చెందినవారు.

ఆయన ఉద్యోగ విరమణ చేసిన మరుసటి వేసవిలో మేము సెలవులకు వెళ్ళాము. కుమార్తె వివాహము నిశ్చయమై ఉన్నది. పట్టెమంచము తన చేతులతోనే చేసి ఇవ్వవలెనని ఆయన పట్టుదల. మేదినీపూర్ ప్రాంతపు సాల కలప నాలుగు కోళ్ళకు సరిపడా కొన్నారు. అదనంగా మరొక ముక్క కొనే స్తోమత లేదు. ఇంతలో రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మినవి. "కన్ను నీది, చెయ్యి నీది. మాట నాది. కానియ్ అల్లుడూ" అన్నారు.

మూడు దినములు మాకు సానరాయే గతి. బ్లేడు వెనుకవైపు అద్దమువలె సమతలమయ్యే వరకు రుద్దించారు. ఏటవాలు సుమారు 25 డిగ్రీలు. చివరి అంచు మాత్రము రవ్వంత నిలువుగా, 30 డిగ్రీలు. సానచక్రముపై తొందరపడితే అంచు నీలిరంగుకు తిరుగును. అనగా ఉక్కు మెత్తబడినట్లే. అందువలన మాటిమాటికీ నీటిలో ముంచవలెను. అంచు పొడవునా వెనుకవైపు సన్నని గరుకు వేలికి తగిలిన పిదపనే బ్లేడు తిప్పి దానిని తీసివేయాలి. మా బ్లేడు ఆయన వేలికి మెప్పు కలిగించినది నాలుగవ నాటి ఉదయమున.

చెక్కను చదరము చేయుటలో వరుస తప్పరాదు. మొదట ఒక ముఖము చదును చేసి, రెండు చివరలా రెండు సరళమైన బద్దలు నిలిపి చూస్తే మెలిక తెలియును. పిదప పక్క అంచును మూలమట్టముతో సరిచూడవలెను. మిగిలిన రెండు వైపులకూ కొలతగీతలు ఈ రెండింటి నుండియే గీయవలెను. చిత్రిక తోయునపుడు మొదట బరువు ముందు చేతిపై, చివరకు వెనుక చేతిపై. మేము దీనిని మరచినపుడల్లా చెక్క చివరలు వాలిపోయినవి.

సాల కలప పోగు ఒక దిశలో సాగదు. మూడవ కోడుపై మేము ఎదురుపోగున తోయగా లోతుగా ఒక పెచ్చు లేచినది. దాచిపెడదామనుకున్నాము, దాచలేదు. మామయ్యగారు వ్రేలితో ఆ గుంటను తడిమి చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. అత్తయ్యగారు వంటింటి గడప వద్దనే నిలిచిపోయారు.

"లోతెంత?" అన్నారు చివరకు. అంగుళములో ఎనిమిదవ వంతు. "నాలుగూ అంత తగ్గించెయ్యి. మూడంగుళాలని ఎవడు కొలుస్తాడు?" అని నవ్వారు. బ్లేడు మరల పదును పెట్టించి, బయటకు కనిపించీ కనిపించనంతగా బిగింపించి, దానిపై రెండవ రేకును అంచుకు మరింత దగ్గరగా జరిపించారు. పొట్టు ఉల్లిపొరవలె వచ్చినది. మిగిలిన పనికి ఎనిమిది దినములు పట్టినది.

పట్టెలు విడదీసి, గోనెసంచులలో చుట్టి, మంచమును రైలులోనే పలాసకు పంపినాము. మా చెల్లెలి ఇంట్లో అది నేటికీ ఉన్నది. ఒక కోడు క్రింద మాత్రము, అట్టముక్క పెట్టినారు.